గాడిద నోట మా ఊరి మాట

డబ్బింగ్ పనిలోకి కొత్తగా వస్తాండే పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమంటారు. చెప్పడం అయిపోయినాక ఎవరో ఒకరు లేచి, "మేడం, ఇన్నేండ్లలో మీరు గొప్పగా చెప్పుకునే పని ఏది?" అని అడుగుతారు. పెద్ద సినిమా పేరేదో చెప్తానని ఎదురుచూస్తాంటారు. నేను చెప్పేది ఏడు నిమిషాల బొమ్మల సినిమా. దాంట్లో హీరో ఒక ముసలి గాడిద.

పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ గాడిద సంగతి ఇంతవరకూ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు, ఈరోజు మీకు చెప్తా. నా మాటలోనే చెప్తా. ఎందుకో చదివితే మీకే తెలుస్తాది.

మాది ఉరవకొండ పక్కన ఒక పల్లె. వానొస్తే శెనక్కాయ, అదే మీరనే వేరుశెనగ, రాకపోతే ఏమీ లేదు. చదువుకుని హైదరాబాదు చేరి, పిల్లల చానళ్ళకు తెలుగు మాటలు రాసే పనిలో పడినా. పిల్లులు, డైనోసార్లు, రోబోలు, అన్నిటికీ తెలుగు నేర్పినా. తెరమీద నోరు ఎప్పుడు తెరుచుకుంటాదో, పెదాలు ఎప్పుడు మూసుకుంటాయో చూసి, అట్లనే తెరుచుకుని మూసుకునే తెలుగు మాట వెతకడం మా పని. ఆ పనిలో ఎవరూ రాసిపెట్టని రూలు ఒకటుండేది. మంచోడు పుస్తకం తెలుగు మాట్లాడాల. మా సీమ మాట బాంబులేసేటోనికి, వాని వెనకుండే తాగుబోతుకు. ఎప్పుడన్నా ఒక ముసలమ్మకో, ఒక తల్లికో మా మాట రాస్తే, "ఇక్కడ కామెడీ వద్దు మేడం" అని కొట్టేసేవాళ్ళు. నేను కామెడీ రాయలేదు. మా అమ్మ మాట్లాడినట్టు రాసినా, అంతే.

చివరి ఏండ్లలో పని అంతా నెట్టులో పంపించుకోవడం మొదలైనాక, మా కంపెనీ అనంతపురంలో చిన్న రికార్డింగు గది పెట్టింది. విత్తనాల అంగడి పైన మేడ. గోడలకు గోనెసంచులు, వాటి మీద స్పాంజి. కింద రోడ్డులో బస్సు హారన్ కొడితే టేకు పాడయ్యేది. ఆ గదిని చూసుకునేదానికి నన్ను పంపించినారు. నాతో పాటు ఒక రికార్డిస్టు. నలభై దాటినోడు, శింగనమల దిక్కు పల్లె. చర్చిలో మైకులు చూసుకుంటా, పెండ్లిండ్లకు సౌండు పెడతా సొంతంగా పని నేర్చుకున్నోడు. నన్ను అక్కా అనేవాడు. చెవులంటే ఆయనవే చెవులు.

ఒకరోజు చానలు నుంచి పాత అమెరికా బొమ్మల సినిమాల మూట ఒకటి వచ్చింది. హక్కుల గడువు తీరిపోయినవి. మా తాతల కాలంలో గీసినవి. ఆ రోజుల్లో ఆ దేశంలో ఇండ్లల్లో టీవీలు లేవు. సినిమా హాల్లో అసలు సినిమాకు ముందర ఇట్లాంటి పొట్టి సినిమా ఒకటి వేసేవాళ్ళు. గాడిద ఒక్కసారి తోక ఊపాలంటే వరసగా బొమ్మలు గీయాల. వాటిని అద్దం మాదిరి ఉండే పల్చటి షీట్ల మీదికి దించి, వెనకపక్క రంగు నింపేవాళ్ళు. రంగులు నింపింది ఎక్కువగా ఆడోళ్ళే. వాళ్ళ పేర్లు తెరమీద పడేవి కావు. పనైపోయినాక చాలా షీట్లు కడిగి మళ్ళీ వాడుకునేవాళ్ళని ఎక్కడో చదివినా. ఎంత చేతిపని నీళ్ళలో కలిసిపోయిందో అని బాధేసింది.

ఆ మూటలో ఒక సినిమా పెట్టంగానే నేనూ రికార్డిస్టూ ఇద్దరం తెర దగ్గరికి జరిగినాం. నెర్రెలిచ్చిన నేల. ఆకు లేని చెట్టు. ఒక ముసలి గాడిద చేతిలో విత్తనాల సంచి పట్టుకుని ఆకాశం చూస్తాంటాది. పైన ఒకే ఒక్క చిన్న మబ్బు, చంటిబిడ్డ మాదిరి బుగ్గలు. గాడిద దాన్ని బతిమాలి తన పొలం మీదికి తెచ్చుకుంటాది. ఇంతలో కోటు వేసుకున్న నక్క ఒకడొచ్చి, వాన కురిపిస్తానని నమ్మించి, మబ్బును సంచిలో వేసుకుని పరిగెడతాడు. గాడిద వెంటపడి విడిపించుకుంటాది. చివరికి వాన. అంతే కథ. ఆ కాలంలో అమెరికా నడిమధ్యలో కూడా పెద్ద కరువొచ్చి, పొలాల మట్టి గాలికి లేచిపోయిందని తర్వాత తెలుసుకున్నా. గీసినోడు ఆ మట్టి చూసినాడో లేదో నాకు తెలీదు.

"అక్కా, ఇది మన కథ గదా," అన్నాడు రికార్డిస్టు.

మరుసటి రోజు చానలు సూపర్‌వైజర్ వీడియోలో మాట్లాడినాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు, పని తెలిసినోడు. "మేడం, గాడిదకి చక్కటి తెలుగు రాయండి. నక్కకి మాత్రం మీ సీమ యాస పెట్టండి. బాగా నవ్వొస్తుంది. అందుకే ఈ సినిమా మీకు పంపాను," అన్నాడు.

ఎన్నో ఏండ్లు విన్న మాటే. ఆరోజు మాత్రం మింగుడు పడలేదు.

"సార్, నేల ఎండిపోయింది గాడిదది. మబ్బు కోసం ఏడ్చేది గాడిద. మా మాట దానికి ఇయ్యాల. నక్క యాడి నుంచో వచ్చినోడు, వానికి మీ చక్కటి తెలుగు పెడదాం."

"హీరో మాట అందరికీ అర్థం కావాలి కదండీ."

"ఇప్పుడు నేను మాట్లాడేది మీకు అర్థం కాలేదా సార్?"

ఆయన నవ్వినాడు. కానీ ఒప్పుకోలేదు. "సరే, రెండు రకాలుగానూ చేయండి. నేనే వస్తాను. పిల్లలకి చూపిద్దాం. వాళ్ళు ఏది మెచ్చితే అది. కానీ ఒక మాట మేడం. రెండూ తేలిపోతే మిగిలిన సినిమాలన్నీ హైదరాబాద్ తీసుకెళ్ళిపోతాం. మా పైవాళ్ళు ఇప్పటికే ఆ గది ఎందుకని అడుగుతున్నారు," అన్నాడు.

రికార్డిస్టు పక్కనే ఉన్నాడు. కేబుల్ చుట్టడం మొదలుపెట్టినాడు. గది మూసేస్తే ఆయన మళ్ళీ పెండ్లి పందిళ్ళకు పోవాల.

పని మొదలుపెట్టినాక తెలిసింది, అసలు కష్టం మాటలు కాదని. ఇప్పటి సినిమాలకు మాటలు వేరే, సంగీతం వేరే ఇస్తారు. ఆ పాతవాటిలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇంగ్లీషు మాట తీస్తే దాంతో పాటు సంగీతం, అడుగుల చప్పుడు, వాన, అన్నీ పోతాయి. కంప్యూటర్‌తో విడదీసి చూసినాం. బానలో నోరు పెట్టి పాడినట్టు వచ్చింది. ఇంక అన్నీ మేమే కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. గాడిద అడుగులకు కొబ్బరి చిప్పలు. సంగీతానికి రికార్డిస్టుకు తెలిసిన చర్చి కీబోర్డాయన ఒకరు.

వాన దగ్గర ఆగిపోయినాం. నెట్టులో దొరికిన వాన పెడితే, రికార్డిస్టు తల అడ్డంగా ఊపినాడు. "ఇది మన వాన కాదక్కా. దినమ్మూ పడే ఊరి వాన. మనకు తొలి చినుకు లావుగా పడతాది, ఒకటి ఈడ, ఒకటి ఆడ."

"అట్లయితే నిజం వానే రికార్డు చెయ్."

"యాడుండాది?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన కింది అంగడి నుంచి శెనగిత్తనాలు తెచ్చి, చాటలో పోసి మైకు ముందర చెరిగినాడు. విని చూస్తే ఉప్మాకు తిరగమోత పెట్టినట్టుండాది. ఉప్పు పోసి చూసినాడు, బియ్యం పోసి చూసినాడు. చివరికి చాట మీద పాత దుప్పటి పరిచి, కొంచెం ఎత్తు నుంచి ఒక్కొక్క శెనగిత్తనం వదిలినాడు. దబ్. ఆగి, ఇంకోటి. దబ్. దుమ్ములో చినుకు పడినట్టే. తర్వాత గుప్పెడు గుప్పెడుగా, ఆ తర్వాత దుప్పటి తీసేసి చాట మీద కుమ్మరించినాడు. "ఇదే మన వాన," అన్నా నేను.

ఇంక గాడిద గొంతు. ముదిగుబ్బ దిక్కు నుంచి ఒక పెద్దాయనను పిలిపించినా. గొర్రెలున్నోడు. పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలకు పేరు. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క ఊరికి వినపడేది. మా మైకు ముందర తొలి మాట పలకంగానే రికార్డిస్టు హెడ్‌ఫోను తీసి పారేసినాడు.

"సామీ, మైకుండాది. అరవబాకు."

"అరిచింది యాడప్పా? ఇది నెమ్మదిగా చెప్పింది," అన్నాడు పెద్దాయన.

పుస్తకం తెలుగు రకం ముందుగా చేసినాం. గాడిద మబ్బును తొలిసారి పిలిచే మాట "ఓ మేఘమా" అని రాసినా. పెదాలకు సరిగ్గా కుదిరింది. ఆయన దాన్ని బంగారం మాదిరి పలికినాడు. నిజం చెప్పాలంటే, మా గదిలో అంత ఠీవిగా ఎవరూ పలకలేదు. ఆ రకం ఒక పూటలో అయిపోయింది.

తర్వాత మా రకం. మబ్బును పిలిచే మాట "ఏమప్పా." విచిత్రం ఏమంటే ఇది కూడా పెదాలకు అంతే సరిగ్గా కుదిరింది. తెరుచుకోవడం, మూసుకోవడం, అన్నీ. గాడిద మూతి ఎవరి పక్షమూ పట్టలేదు. కానీ పెద్దాయన పలకలేకపోయినాడు. ఒకసారి రాగం తీస్తాడు, ఒకసారి జోకరు మాదిరి ముక్కుతో పలుకుతాడు. ఎన్ని టేకులు తీసినా అంతే. చివరికి మైకు వదిలేసి బెంచీ మీద కూచున్నాడు.

"నాతో కాదమ్మా. నేను రాజు వేషం వేసినోన్ని. పదిమంది ముందర ఇంట్లో మాట ఎట్లా మాట్లాడేది? నవ్వుతారు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. జీవితమంతా స్టేజీ మీద గొంతెత్తిన మనిషి, తన సొంత మాట ఒక్కటి కూడా ఎప్పుడూ జనం ముందర పలకలేదు. నేనూ ఆఫీసుల్లో మాట మార్చుకుని బతికినదాన్నే గదా.

పక్కన కూచుని అడిగినా. "సామీ, మందలో గొర్రె తప్పిపోతే ఎట్లా పిలుస్తావు?"

"పిలిస్తే వస్తాదా? బతిమాలుకోవాల."

"ఎట్లా?"

ఆయన నా దిక్కు చూడలేదు. కిటికీ లేని గోడ దిక్కు చూస్తా, మెల్లిగా అన్నాడు. "ఏమప్పా... యాడికి పోతాండావ్? నీకేం తక్కువ చేసినా చెప్పు. రా. ఈడ కూకో కొంచేపు."

నేను తల తిప్పి, రికార్డిస్టు కూచునే గది అద్దం దిక్కు చూసినా. రికార్డిస్టు బొటనవేలు పైకెత్తి చూపించినాడు. బెంచీ పక్కన ఇంకో మైకు ఆన్‌లో పెట్టి ఉంచినాడు. నేను రాసిన డైలాగు కొట్టేసి ఆ మాటలే పెట్టినా. మిగతావన్నీ పెద్దాయన ఆ బెంచీ మీద కూచునే చెప్పినాడు. మళ్ళీ నిలబడలేదు.

చూపించే రోజు వచ్చింది. శింగనమల పక్కన ఒక ఊర్లో హైస్కూలు. రేకుల షెడ్డులాంటి పెద్ద గది. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసినాం. పిల్లలు కింద కూచున్నారు. సూపర్‌వైజర్ వెనక కుర్చీలో. పెద్దాయన ఇస్త్రీ పంచె కట్టుకుని గోడకానుకుని నిలబడినాడు.

ముందు ఆయన అడిగిన రకం వేసినాం. గాడిద "ఓ మేఘమా" అనింది. పిల్లలు బుద్ధిగా చూసినారు. నక్క వచ్చి, "ఏమప్పా గాడిదన్నా, వాన కావాల్నా నీకు?" అనంగానే గది దద్దరిల్లింది. నక్క ఏం మాట్లాడినా నవ్వు. నక్క నడిస్తే నవ్వు. సూపర్‌వైజర్ ముఖం వెలిగిపోతాంది. రికార్డిస్టు నన్ను చూసినాడు, నేను నేలను చూసినా. మా పిల్లలే మా మాటకు నవ్వుతాండారు, ఇంకెవరికి చెప్పుకునేది అనుకున్నా.

అప్పుడు నక్క మబ్బును సంచిలో వేసుకుని పరిగెత్తినాడు. పిల్లలు చప్పట్లు కొట్టినారు. "పరిగెత్తన్నా, పరిగెత్తు! దొరకబాకు!" అని అరిచినారు. గాడిద కూచుని ఏడిస్తే పక్కోళ్ళతో కబుర్లు చెప్పుకున్నారు. చివర్లో వాన పడితే ఎవరూ పట్టించుకోలేదు. నక్కన్న ఏమైపోయినాడని ఒకర్నొకరు అడుగుతాండారు.

సూపర్‌వైజర్ లేచి ముందుకొచ్చినాడు. అయోమయంగా ఉన్నాడు. "అదేంటమ్మా, నక్క దొంగ కదా. మీరు నక్క గెలవాలంటున్నారేంటి?" అని ముందర కూచున్న ఒక పాపను అడిగినాడు.

పాప లేచి నిలబడి, "నక్క మావోడు గదా సార్," అనింది.

"మరి గాడిద?"

"గాడిద పంతులు సార్."

ఎవరూ నవ్వలేదు. పిల్లలకు అది జోకు కాదు. సూపర్‌వైజర్ "రెండోది వేయండి," అని కుర్చీలోకి పోయినాడు. నాకు అప్పుడు అర్థమయింది. వాళ్ళు మా మాటను చూసి నవ్వలేదు. మా మాట తెరమీద వినపడినందుకు సంతోషం పట్టలేక నవ్వినారు. ఎవరు ఆ మాట మాట్లాడితే వాళ్ళ వెనక పోయినారు, దొంగైనా సరే.

రెండోది మొదలైంది. గాడిద ఆకాశం చూసి, "ఏమప్పా... యాడికి పోతాండావ్?" అనింది. మళ్ళీ నవ్వు లేచింది. "నీకేం తక్కువ చేసినా చెప్పు," అనింది. నవ్వు ఆగిపోయింది. "రా. ఈడ కూకో కొంచేపు." గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నక్క కోటు సవరించుకుని, "కంగారు పడకండి, వాన సంగతి నేను చూసుకుంటాను," అని తియ్యగా అంటే, వెనకనుంచి ఎవడో "నమ్మబాకు గాడిదన్నా!" అని కేక పెట్టినాడు. మబ్బు సంచిలో పడినాక కూచున్న పిల్లోడు లేడు. అందరూ నిలబడి గాడిదకు దారి చూపిస్తాండారు. టీచర్లు కూచోమన్నా ఎవరూ వినలేదు.

ఆ తర్వాత తెరమీద అంతా ఆగిపోయింది. గాడిద తల పైకెత్తింది. దబ్.

ముందు వరసలో ఒక పిల్లోడు గది రేకుల దిక్కు చూసినాడు. ఇంకోటి. దబ్. ఈసారి పది తలలు పైకి లేచినాయి. బయట ఎండ కాలిపోతాంది, అది అందరికీ తెలుసు. అయినా చూసినారు. ఆమీద చాట మీద కుమ్మరించిన వాన మొత్తం పడింది. పిల్లలు గొంతులు పగిలేట్టు అరిచినారు. నేను వెనక్కి తిరిగి చూస్తే సూపర్‌వైజర్ కూడా మెడ ఎత్తి రేకుల దిక్కే చూస్తాండాడు. నన్ను చూసి చప్పున తల దించుకుని నవ్వినాడు. రికార్డిస్టు గోడకు ముఖం పెట్టుకుని కండ్లు తుడుచుకుంటాండాడు.

పెద్దాయన చుట్టూ పిల్లలు మూగినారు. గాడిద ఈయనే అని ఎవరో చెప్పేసినారు. "తాతా, ఇంకోసారి అను," అని పంచె పట్టుకుని లాగుతాండారు. ఆయన అన్నాడు. గట్టిగా, పదిమంది ముందర, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

సూపర్‌వైజర్ కారెక్కతా ఒక మాటన్నాడు. "ఇక్కడ మీరు గెలిచారు మేడం. మా వైపు పిల్లలు ఏమంటారో చూడాలి." న్యాయమే. ఆయన రెండోదాన్ని పట్టుకుపోయి తన ఊర్లో చూపించుకున్నాడు. వారం తిరగకముందే ఫోను.

"మేడం, మీ వల్ల మా ఇంట్లో పెద్ద ఇబ్బంది వచ్చింది."

"ఏమైంది సార్?"

"మా పాప నన్ను ఏమప్పా అని పిలుస్తోంది. మానమంటే మానదు. వాళ్ళ క్లాసంతా అదే అంట." తర్వాత, "గాడిద మాటే ఖాయం చేశాం. అన్ని చోట్లా అదే వస్తుంది," అన్నాడు.

గది మూయలేదు. మూటలో మిగిలినవన్నీ మా దగ్గరే చేసినాం. గాడిద సినిమా టీవీలో వచ్చిన రోజు కింద విత్తనాల అంగడాయన మమ్మల్నందర్నీ కిందికి పిలిచి తన టీవీలోనే చూపించినాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూసినారు. వాన పడేటప్పుడు, "ఆ చప్పుడు మా శెనగిత్తనాలదే," అని అంగడాయన అందరికీ చెప్తాండాడు.

నేను రిటైరయ్యే ముందు ఇంకో మూట వచ్చింది, అదీ పాత అమెరికా బొమ్మలే. దాంట్లో ఒక అడవి, అడవిలో ఆస్పత్రి, ఎలుగుబంటి డాక్టరు. ఈసారి సూపర్‌వైజరే అడిగినాడు. "మేడం, సీమ మాట ఎవరికి ఇద్దాం?"

"డాక్టరుకు సార్."

"డాక్టరుకా?" అన్నాడు. అలవాటు అంత తొందరగా పోదు గదా. మళ్ళీ తానే నవ్వి, "అవును, డాక్టరుకే," అన్నాడు.

ముదిగుబ్బ పెద్దాయనకు కబురు పెట్టినా. వచ్చినాడు, కానీ వేషం లేకుండా డాక్టరు ఎట్లయితానని పట్టుపట్టినాడు. ఎవరికీ కనపడవు సామీ, గొంతొక్కటే అని ఎంత చెప్పినా వినలేదు. రికార్డిస్టు పోయి ఆస్పత్రిలో పనిచేసే వాళ్ళ చెల్లెలి తెల్లకోటు తెచ్చినాడు. పంచె మీద ఆ కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, పెద్దాయన మైకు ముందరికి వచ్చి నిలబడినాడు. తెరమీద జ్వరమొచ్చిన కుందేలు పిల్ల మంచం మీద వణుకుతాంది. ఆయన కొంచెం వంగి, దాని నుదురు మీద చెయ్యి పెట్టినట్టు గాల్లో చెయ్యి పెట్టి, అన్నాడు.

"ఏమ్మా, యాడ నొప్పి? ఈడనా? భయపడొద్దు. నేనుండాను గదా."

ఒకే టేకు. ఇంకోటి తీసుకోలేదు.